కిటికీ తీసినప్పుడే వెచ్చన

బుకిట్ పంజాంగ్, సింగపూర్
నవంబర్ 5

పునీతా,

ఒక ప్రశ్న నా దగ్గర చాలా ఏళ్లుగా ఉండిపోయింది. నువ్వు ఈ ఫ్లాట్‌లో ఉన్న ఆరేళ్లూ, ప్రణవి చిన్నదని, ముగ్గురం ఒకే గదిలో పడుకునేవాళ్లం. ఏసీ రిమోట్ నా తలగడ కింద ఉండేది. ఇరవై రెండు దాటనిచ్చేదాన్ని కాదు. నువ్వు ఊలు మేజోళ్లు తొడుక్కుని, దుప్పటి మీద స్నానాల తువ్వాలు కూడా కప్పుకుని గోడవైపు తిరిగి పడుకునేదానివి. భూమధ్యరేఖ పక్కన ఊలు మేజోళ్లు! నాకు కనిపిస్తూనే ఉండేది. చలేస్తోందని ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదు? నేనెందుకు అడగలేదన్నది రెండో ప్రశ్న. దానికి జవాబు నువ్వివ్వక్కర్లేదు.

ఇది ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం నీ మెసేజి. బాయిలర్ పగలంతా మండుతూనే ఉంది, అయినా కింద మీ నాన్నగారికి చలి పోవడం లేదు, ఇంజినీరువి కదా చెప్పు అన్నావు. నేను ఇరవై ఏళ్లుగా చల్లబరిచే పనిలో ఉన్నదాన్ని. ఇక్కడ పాయా లేబర్ పేట ఆఫీసుల్లో జనం స్వెట్టర్లు వేసుకుని కూర్చుంటున్నారంటే అందులో నా చెయ్యి కూడా ఉంది. వేడి చేయడం నాకు కొత్త. అయితే చన్నీళ్లయినా వేన్నీళ్లయినా గొట్టంలో నడిచే తీరు ఒకటే కాబట్టి తెలిసింది చెబుతాను.

మీ ఇంట్లో బాయిలర్ ఒకటి, జోన్లు రెండు. కిందది మీ నాన్నగారిది, పైది నీది. ఒక్కో జోన్‌కి గోడ మీద ఒక థర్మోస్టాట్, గొట్టం మీద ఒక వాల్వ్ ఉంటాయి. గది చల్లబడితే థర్మోస్టాట్ తన వాల్వ్‌ని పిలుస్తుంది. వాల్వ్ తెరుచుకుంటుంది, బాయిలర్ అందుకుంటుంది. గది వెచ్చబడ్డాక పిలుపు ఆగిపోతుంది. ఈ పిలుపులు ఎంత సేపు, ఎంత అవసరానికి అన్నదాని మీదే పొదుపంతా ఉంది.

కాబట్టి కింద ఇరవై, పైన పదిహేడు పెట్టు. ఇరవై ఎనిమిదికి తిప్పితే గది తొందరగా వేడెక్కదు, ఆగాల్సిన చోట ఆగదు, అంతే. బాయిలర్ మీద నీళ్ల వేడికి వేరే మర ఉంటుంది చూడు, డెబ్బై ఐదు ఉంటే అరవైకి దించు. రేడియేటర్లు చెయ్యి కాలేంత వేడిగా ఉండవు, కానీ గ్యాస్ వృథా కాదు. రేడియేటర్‌కి అడ్డంగా సోఫా ఉంటే జరుపు. మెట్ల దగ్గర తలుపు మూసి ఉంచు, వేడి పైకి పాకుతుంది.

మన ఒప్పందం గుర్తుంది కదా. నేర్చుకున్న అక్షరాలు మరిచిపోకుండా, జవాబు తెలుగులో, చేత్తో. ప్రణవి నేను రాస్తుంటే చూసి "సో స్లో లా, అమ్మా, జస్ట్ కాల్ ఆంటీ" అంటోంది. దానికి పదహారు వచ్చాయి.

సత్యవాణి

డండీ, స్కాట్లాండ్
నవంబర్ 24

సత్యక్కా,

నీ ప్రశ్నకి జవాబు ముందే చెప్పేస్తాను. మలేషియాలో మా పెరాక్ పామాయిల్ ఎస్టేట్ నుంచి స్కూలు సెలవలకి నన్ను ఎవరింటికైనా పంపేటప్పుడు నాయన ఒకటే చెప్పేవాడు. "పరాయింట్లో స్విచ్చి ముట్టుకోకూడదు. పెట్టింది తిను, ఇచ్చింది కప్పుకో." అంతే అక్కా. నీ ఇంటి రిమోట్ నీది. నాకు కోపం లేదు. మేజోళ్లు బాగానే ఉండేవి.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. సోఫా జరిపాను, నీళ్ల వేడి అరవైకి దించాను. కింద ఇరవై, పైన పదిహేడు. అలమక్! పైన నా గది ఇరవై ఏడుకి పోయింది. బయట మంచు పడుతుంటే కిటికీ తీసుకుని కూర్చున్నాను, నలుగురూ చూస్తే పిచ్చిదనుకుంటారు. కింద నాయన గది పద్నాలుగు. అమ్మ పోయాక వేసవిలో తెచ్చుకున్నాను కదా, అప్పుడంతా బాగానే ఉంది. ఇప్పుడు స్వెట్టరు మీద స్వెట్టరు, దాని మీద అమ్మ శాలువా.

ఒకరోజు కిందికి వచ్చి చూస్తే ఆయన గోడ మీద మర ఇరవై ఎనిమిదిలో ఉంది.

"నాయనా, ఇది తిప్పింది నువ్వేనా?"

"సలేస్తంటే తిప్పాను మరి."

"నువ్విక్కడ తిప్పుతుంటే నేను పైన ఉడికిపోతున్నాను!"

"అదే నానూ సెప్తన్నాను. ఇక్కడ తిప్పితే అక్కడ కాల్తంది. నువ్వు కిటికీ తీసినప్పుడే నాకు ఎచ్చన."

"కిటికీ తీస్తే ఇల్లు చల్లబడుతుంది నాయనా, వెచ్చబడదు."

"సర్లే. నీ ఇల్లు, నీ మర."

ఆ తరవాత ముట్టుకోవడం మానేశాడు. ముప్పై ఒక్క ఏళ్లు మిల్లులో బాయిలర్ చూసినవాడు, తెలుసా? ఆవిరి మోత వింటేనే ఎక్కడ తేడా ఉందో చెప్పేవాడని ఎస్టేట్‌లో అందరూ అనేవారు. కిటికీ మాట ఆఫీసులో చెప్పుకుని నవ్వాను కూడా.

కానీ పోయిన వారం టీ ఇస్తుంటే "పాపమ్మా, చక్కెర తక్కువైంది" అన్నాడు. అమ్మ పేరు. రెండు రోజులకి మళ్లీ అన్నాడు. అప్పుడు నవ్వు రాలేదు.

పునీత

పాయా లేబర్
డిసెంబర్ 8

పునీతా,

భోజనం వేళ ఆఫీసులోనే కూర్చుని రాస్తున్నాను. కింద ఫుడ్ కోర్టులో నా కుర్చీని ఒక టిష్యూ పొట్లం చోప్ చేసి, ఇంకెవరూ కూర్చోకుండా కాపలా కాస్తోంది. అందుకే తొందరగా రాస్తున్నాను, రాత ఇంకా గొలుసుకట్టయిపోతోంది, ఓర్చుకో.

మీ పై జోన్ అవసరానికి మించి పిలుస్తున్నట్టుంది. దాన్ని పదిహేనుకి దించు. వేడి ఎలాగూ కింద నుంచి ఎక్కుతుంది. కిటికీ మాత్రం తీయకు. కిటికీ తీస్తే నీ గ్యాసంతా వీధిలోకి పోతుంది. కింది థర్మోస్టాట్ ఇరవై దగ్గరే ఉండనీ, ఆయన ముట్టుకోవడం మానేశారన్నావు కదా, అది మంచిదే. నాలుగు రోజుల్లో కుదురుకుంటుంది.

మీ నాన్నగారు కిటికీ గురించి అన్న మాట రెండుసార్లు చదివాను. ఒక వయసు దాటాక ఏది కారణమో ఏది ఫలితమో తారుమారవుతుంది. పేరు మార్చి పిలవడంతో కలిపి చూస్తే ఇది తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు. ఆయన ఒకప్పుడు బాయిలర్ మనిషి అన్నది ఇక్కడ సాక్ష్యంగా పనికిరాదు. చేతులకి గుర్తున్నా బుర్ర సహకరించని దశ ఒకటి వస్తుంది. డాక్టరుకి చూపించు.

అక్కడి చలి ఆయనకి పడదేమో అన్నది వేరే విషయం. నీ సామాను పెట్టుకున్న చిన్న గది ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ఇస్త్రీ బట్టలు పెట్టుకుంటున్నానంతే.

సత్యవాణి

డండీ
జనవరి 9

సత్యక్కా,

ఆలస్యమైంది. నాయనని ఆసుపత్రిలో పెట్టాల్సి వచ్చింది. ఛాతీలో నెమ్ము. ఐదు రోజులు ఉంచి పంపారు. ఇప్పుడు ఆయన గదిలో కరెంటు హీటరు పెట్టాను, దాని ముందు కదలకుండా కూర్చుంటున్నాడు.

నువ్వు చెప్పినట్టే పైన పదిహేనుకి దించి కిటికీ బిగించాను. పైన ఇంకా ఉక్క. కింద పన్నెండు, పదమూడు. కింద గోడ రాతిది, పాత ఇల్లు, అందుకే కాబోలు అనుకున్నాను. నీ తప్పు కాదక్కా. దూరాన్నుంచి నువ్వు మాత్రం ఏం చేస్తావు?

ఆయన ఏమీ అనడం లేదు. అదే భయంగా ఉంది. నీ ఉత్తరం వచ్చిన రోజైతే అన్నం సగమే తిన్నాడు. టీవీ కూడా పెట్టలేదు. "ఏంటి నాయనా?" అంటే "ఏటీ లేదు, సెజుక్" అన్నాడు. మలయ్ భాషలో సెజుక్ అంటే చలి, నీకు తెలుసు కదా. ఆయన నోట ఆ మాట నేను వినడం ఇదే మొదటిసారేమో. మా ఊళ్లో ఆ మాటతో ఏం పని?

డాక్టరు జ్ఞాపకశక్తి పరీక్షకి రాశారు. ఫిబ్రవరి ఇరవైన. దాంట్లో తేడా ఉందని తేలితే ఆయన్ని పగలు ఒంటరిగా వదలకూడదట. నేను ల్యాబ్‌లో పన్నెండు గంటలుంటాను. ఇక్కడ వృద్ధుల ఇంట్లో చేర్చడమో, నేనే ఉద్యోగం మానేసి అక్కడికి రావడమో. ఇక్కడి వృద్ధుల ఇంట్లో ఆయనతో తెలుగులో మాట్లాడేవాడు ఎవడుంటాడు? అన్నంలో పచ్చడి ఎవరు కలిపిస్తారు?

అక్కా, నిజంగా గది ఖాళీగా ఉందా?

పునీత

బుకిట్ పంజాంగ్
జనవరి 21

పునీతా,

ఉంది. నీ ఉత్తరం అందిన సాయంత్రమే ఇస్త్రీ బట్టలు తీసేశాను. ఆ చిన్న గదిలో మంచం పట్టదని ప్రణవి తన గది ఆయనకి ఇస్తానంటోంది, "తాతయ్య కెన్ టేక్ మై రూమ్, నో ప్రాబ్లమ్ లా." పెద్ద గదిలో మనం ముగ్గురం, మునుపటిలాగే. ఈసారి రిమోట్ నువ్వే పెట్టుకో.

మీ నాన్నగారికి ఇక్కడ బాగుంటుంది. లిఫ్ట్ మన అంతస్తులోనే ఆగుతుంది. కింద బెంచీల దగ్గర పొద్దున్నే ముసలివాళ్లు చేరతారు, ఇద్దరు ముగ్గురికి తమిళం వచ్చు, ఆయనకీ వచ్చు కదా. ఎల్ఆర్‌టీ రైలు ఎక్కి ఊరికే ఒక చుట్టు తిరిగి రావచ్చు, అది మళ్లీ ఎక్కిన చోటికే తెస్తుంది. తప్పిపోతారన్న భయం లేదు. హాకర్ సెంటర్‌లో ఇడ్లీ దొరుకుతుంది. ఆయన తిండి, అదే మకాన్ సంగతి నాకు వదిలెయ్. నీ పనికి ఇక్కడ ల్యాబులు లేవా? నేను రెండు చోట్ల అడిగి ఉంచాను.

ఎప్పుడూ లేనిది నేను మార్కెట్లో రెండు కొత్త తువ్వాళ్లు కొన్నాను. పెద్దవి.

బాయిలర్ సంగతి ఇక వదిలెయ్. వచ్చేదానివే కదా.

సత్యవాణి

డండీ
ఫిబ్రవరి 3

సత్యక్కా,

రాజీనామా రాసి బ్యాగులో పెట్టుకున్నాను. పరీక్ష అయిన మర్నాడు ఇస్తాను. నాయనకి చెప్పాను. "మంచిది" అన్నాడు.

పరీక్షకి ముందు ఇంట్లోవాళ్లు నింపాల్సిన ఫారం ఒకటి పంపారు. మనిషిలో ఏ మార్పులు గమనించారు, ఉదాహరణలతో రాయండి అని. నేను రాసింది నీకు తెలుగులో పెడుతున్నాను.

"ఒకటి. నన్ను మా అమ్మ పేరుతో పిలిచారు, నాలుగుసార్లు. రెండు. తన గదిలో మర తిప్పితే పై గది వేడెక్కుతుందని నమ్ముతున్నారు. చెప్పినా వినలేదు. మూడు. పైన కిటికీ తెరిస్తే తన గది వెచ్చబడుతుందని అన్నారు. ఇది ఒకటికి రెండుసార్లు అన్నారు."

అమ్మ పేరు సంగతి నాకు గట్టిగా తెలుసు, చెవులారా విన్నాను. రెండోదీ మూడోదీ రాస్తుంటే చెయ్యి ఆగింది. ఆ కాగితం మీద పడ్డాక అది ఆయన మీద ముద్ర. చదివేవాళ్లకి ఆ రెండే పెద్దగా కనిపిస్తాయి, ఒకప్పుడు బాయిలర్లు చూసిన మనిషి ఇలా అంటున్నాడని.

నీకు యంత్రాలు తెలుసు. నిన్నే అడుగుతున్నాను. ఆ రెండూ రాయవచ్చా అక్కా? ఇది పోస్టులో కాకుండా ఫొటో తీసి పంపుతున్నాను, ఫారం పదిహేనులోగా ఇవ్వాలి.

పునీత

బుకిట్ పంజాంగ్
ఫిబ్రవరి 11

పునీతా,

నేను కూడా ఫొటోయే పంపుతున్నాను. ఫోన్ చేయవచ్చు, చేయలేదు.

ఆ రెండూ ఫారంలో రాయవద్దు. అవి మతిమరుపు కాదు, కొలతలు.

ముందు ఇది చెయ్యి. థర్మోస్టాట్లు రెండూ అడుగుకి తిప్పెయ్. రేడియేటర్లన్నీ పూర్తిగా చల్లారేదాకా ఆగు, రెండు గంటలు పట్టవచ్చు. అప్పుడు కిందది ఒక్కటే పైదాకా తిప్పు. పావుగంట ఆగి, రెండు అంతస్తుల్లోనూ రేడియేటర్లు చేత్తో పట్టుకుని చూడండి. ఏది వేడెక్కిందో కాగితం మీద రాయి. తరవాత కిందది దించి, పైది ఒక్కటే తిప్పి మళ్లీ చూడు. కొత్త భవనం అప్పగించేటప్పుడు మేం చేసే మొదటి పని ఇదే. ఒక్కో గదితో ఒంటరిగా పిలిపిస్తాం. గొట్టం మీద చెయ్యి పెట్టి ఒక మనిషి నిలబడతాడు.

కింది థర్మోస్టాట్ తీగ పై వాల్వ్‌కీ, పైదాని తీగ కింది వాల్వ్‌కీ వెళ్లి ఉంటాయని నా అంచనా. అలా అయితే ఆయన చలేసి తిప్పినప్పుడల్లా నీ గది కాలుతుంది. నువ్వు ఉక్కపోసి నీది దించినప్పుడల్లా ఆయన గది ఇంకా చల్లబడుతుంది. నువ్వు కిటికీ తీస్తే పై థర్మోస్టాట్‌కి చలి తగిలి వేడి కావాలని పిలుస్తుంది, ఆ వేడి కిందికి వెళుతుంది. ఆయన చెప్పింది అక్షరాలా జరిగింది. నేను కిటికీ మూయమన్నాను, పైది పదిహేనుకి దించమన్నాను. రెండూ ఆయన గదినే చల్లబరిచాయి.

తీగలు మీరు ముట్టుకోవద్దు, మనిషిని పిలిపించు.

సత్యవాణి

డండీ
ఫిబ్రవరి 16

సత్యక్కా,

ఎక్కడ మొదలుపెట్టను? ముందు ఒక సిగ్గుమాలిన సంగతి. నీ గొలుసుకట్టు రాత నాకు చదవడం రాదు. ఎప్పుడూ రాలేదు. విడి అక్షరాలైతే కూడబలుక్కుంటాను, నీవి ఒకదాన్నొకటి పట్టుకుని పరిగెడతాయి. సిగ్గేసి నీకు చెప్పలేదు. నాయన ఎస్టేట్ తెలుగు బడిలో నేర్చుకున్నాడు, వాళ్ల మాస్టారు గొలుసుకట్టే రాయించేవాడట. వేసవి నుంచి నీ ఉత్తరాలన్నీ నాయనే నాకు చదివి వినిపిస్తున్నాడు.

ఇదీ అంతే. ఫోన్ పెద్దది చేసి, భూతద్దం పెట్టుకుని మొదలుపెట్టాడు. "అవి మతిమరుపు కాదు, కొలతలు" దగ్గర ఆగాడు. మళ్లీ మొదటినుంచి ఆ వరస చదివాడు. తరవాత గొంతు మారిపోయింది అక్కా, మిల్లులో షిఫ్టువాళ్లకి పని చెబుతున్నట్టు చదివాడు.

రెండు గంటలూ హీటరు కూడా తీసేసి, కింద రేడియేటర్ మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. నేను పైన. పావుగంటకి నా చేతి కింద ఇనుము వెచ్చబడడం మొదలైంది.

"ఏటే, పలకవేం?" అని కింద నుంచి కేక.

"పైన కాలుతోంది నాయనా."

"ఇక్కడ మంచుగడ్డ. రాసుకో."

రెండోది కూడా తిరగేసి చూశాం. అంతే. మర్నాడు యాకూబ్ అని ఒకతను వచ్చాడు, ఈ వీధిలో అందరికీ అతనే బాయిలర్ మనిషి. పెట్టె విప్పి చూసి నవ్వాడు. రెండు తీగలు ఒకదాని చోట ఒకటి. పాత యజమాని చేయించిన పని. పది నిమిషాల్లో సరిచేశాడు. ఎవరు కనిపెట్టారని అడిగితే నాయనని చూపించాను. "అంకుల్‌ని సోమవారం నుంచి నాతో పనికి పంపుతారా?" అన్నాడు. "జీతమెంతో అడుగు ముందు" అన్నాడు నాయన, నాకు తెలుగులో.

ఇప్పుడు కింద ఇరవై, పైన పదిహేడు. నువ్వు నవంబరులో చెప్పిన అంకెలే. కిటికీలు మూసే ఉన్నాయి. నాయన అమ్మ శాలువా మడిచి పెట్టేశాడు.

ఫారంలో అమ్మ పేరు సంగతి ఒక్కటే రాశాను. రాజీనామా చింపేశాను. ఇరవైన ఏం తేలినా ముందు ఇక్కడే చూసుకుంటాను, పగలు ఒక మనిషిని పెట్టుకుంటాను. నీకు బాధగా ఉంటుందని తెలుసు. ప్రణవికి తన గది తనకే అని చెప్పు.

పునీత

డండీ
మార్చి 2

అమ్మాయి సత్యవాణికి నారాయణస్వామి దీవెన.

ఈ ఉత్తరం సంగతి పునీతకు తెలియదు. పోస్టు పెట్టెదాకా నడవగలను, ఇప్పుడు కాళ్లు బాగున్నవి.

పరీక్షకు వెళ్లాను. సంవత్సరము, నెల, తేదీ చెప్పాను. ఈ దేశపు ప్రధానమంత్రి పేరు రాలేదు. మా మిల్లు మేనేజర్లు తొమ్మిది మంది పేర్లు వరుసగా చెబుతానన్నాను, అవి అక్కర్లేదన్నారు. ఆరు నెలల తరువాత మళ్లీ రమ్మన్నారు. టీ కప్పు పట్టుకున్న పునీత చెయ్యి వాళ్లమ్మ చెయ్యే. ఆ చెయ్యి చూస్తే ఆ పేరు వస్తుంది. అది జబ్బో కాదో నాకూ తెలియదు, వాళ్లకూ ఇంకా తెలియదు.

నీ డిసెంబరు ఉత్తరములో నా బుర్ర గురించి వ్రాసిన వరుసలు మా అమ్మాయికి చదివి వినిపించలేదు. డాక్టరుకి చూపించమన్నావని మాత్రం చెప్పాను. మిగిలినది చదివితే నమ్మేస్తుందని భయపడ్డాను. నేను కూడా రెండు రోజులు నమ్మాను. ఏది ముందో ఏది వెనకో నాకే తెలియటం లేదేమో అనుకుని మర ముట్టుకోకుండా చలిలో కూర్చున్నాను. నీది చక్కని చేతివ్రాత. ఆ మాటలు కూడా చక్కగా వ్రాసినావు.

ఒక సంగతి మాత్రం నా మనసులో తిరుగుతున్నది. నేను నాలుగో తరగతి చదివినవాడిని. నాకు ఒక్క పూటలో తెలిసింది. ఇంత చదివిన నీకు కిటికీ మాట కనపడగానే తెలిసి ఉంటుంది. రెండు నెలలు చెప్పలేదంటే ఏదో కారణము ఉండి ఉంటుంది. అది అడగను. పరాయింట్లో స్విచ్చి ముట్టుకునే అలవాటు నాకు లేదు.

పిల్లకు నా ఆశీస్సులు. గది ఇస్తానన్నదట, గట్టి పిల్ల.

నారాయణస్వామి

బుకిట్ పంజాంగ్
మార్చి 20

పునీతా,

ఈ ఉత్తరం విడివిడి అక్షరాల్లో రాస్తున్నాను. చిన్నప్పుడు కాపీ పుస్తకంలో రాసినట్టు ఒక్కో అక్షరం దగ్గర చెయ్యి ఎత్తుతున్నాను. మా తాతయ్య కోర్టులో రాయసం చేసేవాడు, గొలుసుకట్టు ఆయన నేర్పిందే, త్వరగా రాయడానికి. ఇది నువ్వే చదువుకో. తొందర లేదు.

మీ నాన్నగారు నాకు ఉత్తరం రాశారు. ఆయన నీకు చదవకుండా వదిలేసిన వరుసలు ఇవి, నా ఉత్తరంలోంచి. "ఒక వయసు దాటాక ఏది కారణమో ఏది ఫలితమో తారుమారవుతుంది. ఆయన ఒకప్పుడు బాయిలర్ మనిషి అన్నది ఇక్కడ సాక్ష్యంగా పనికిరాదు. చేతులకి గుర్తున్నా బుర్ర సహకరించని దశ ఒకటి వస్తుంది." ఇవి నేను నీకని రాశాను. ఆయన తన కళ్లతో చదువుకుని, నీ ఎదుటే దాటేసి, మిగతాది పైకి చదివారు. ఆ రోజు అన్నం సగమే తినడానికి కారణం చలి కాదు.

ఆయన నన్నొక మాట అడగకుండా అడిగారు. దానికి జవాబు నీకు చెప్పాలి, ఎందుకంటే నష్టపోయింది మీరిద్దరూ.

జరిగింది వరుసగా పెడతాను. నీ నవంబరు ఉత్తరం నాకు డిసెంబరు మొదటివారంలో అందింది. మూడేళ్ల కిందట పాయా లేబర్‌లోనే ఒక భవనంలో మీటింగు గదిలో జనం వణుకుతుంటే పక్క గదిలో చెమటలు పట్టాయి. తీగలు మారాయని కనిపెట్టింది నేనే. కిటికీ వాక్యం రెండుసార్లు చదివానని రాశాను కదా, అది నిజం. రెండోసారి ఎందుకు చదివాను? ఏదో తట్టిందనే అనిపిస్తుంది ఇప్పుడు. అప్పుడు తట్టిందో, ఇప్పుడు తెలిశాక అప్పుడే తట్టినట్టు అనిపిస్తోందో చెప్పలేను. ఆ పేజీలోనే నీ గది ఖాళీగా ఉందని రాశాను. జనవరిలో నువ్వు వస్తానన్నప్పుడు తువ్వాళ్లు కొన్నాను, ల్యాబుల్లో అడిగాను, బాయిలర్ సంగతి వదిలెయ్ అన్నాను. పన్నెండు డిగ్రీల గదిలో నెమ్ముతో ఉన్న మనిషి గురించి ఒక ఇంజినీరు అలా రాయకూడదు. ఆ ఉత్తరం రాస్తున్నప్పుడు నేను సంతోషంగా ఉన్నాను. అది మాత్రం బాగా గుర్తుంది.

ఆయన్ని నమ్మకపోవడానికి ఆయన వయసు చాలనుకున్నాను. లేదా ఆయన చదువు చాలనుకున్నాను. లేదా నాకు నువ్వు కావాలి. ఈ మూడిట్లో ఏది పనిచేసిందో తేల్చడానికి ఒక్కోదాన్నీ ఒంటరిగా పిలిచి చూసే వీలు మనుషుల్లో లేదు.

తువ్వాళ్లు బీరువాలో ఉన్నాయి. ప్రణవి తన గదిలోనే ఉంది. పోయిన వారం "అమ్మా, వై సో కోల్డ్?" అంది, దుప్పటి మీద నువ్వు వదిలేసి వెళ్లిన పాత తువ్వాలు కప్పుకుని. ఇన్నాళ్లూ చెప్పలేదేమని అడిగాను. "యు నెవర్ ఆస్క్ వాట్" అంది. దాని గది రిమోట్ కూడా నా దగ్గరే ఉండేది, తీసుకెళ్లి హాల్లో బల్ల మీద పెట్టాను.

మీ నాన్నగారికి వేరే రాస్తాను, క్షమించమని. ఆయనకి గొలుసుకట్టులోనే రాస్తాను.

నీకు చెప్పాల్సింది ఇంకొకటే ఉంది. ఫిబ్రవరిలో నిజం చెప్పాను, అది నిజమే. అయితే అప్పటికి నువ్వు నన్ను సూటిగా అడిగావు, రాయవచ్చా అని. అడిగాక కూడా ఎనిమిది రోజులు తీసుకున్నాను. నువ్వు అడగకపోయి ఉంటే చెప్పేదాన్నో లేదో, పునీతా, నాకు తెలియదు. రోజూ ఆలోచిస్తున్నాను. తేలడం లేదు.

సత్యవాణి